కిటికీలోంచి సీటు ఆపకు

మలక్‌పేట,
ఆదివారం.

బుజ్జీ,

పొద్దున్నే మీ అమ్మ ఫోన్. "నీ మేనకోడలు పిల్లల్నేసుకుని శ్రీలంక పోతోందట, నదిలో దూకుతారట, కొండలెక్కుతారట, నన్నూ రమ్మంటోంది, నువ్వైనా చెప్పరా" అని. ఫోన్ పెట్టేసి కాసేపు నవ్వుకున్నాను. పార్కులో జారుడుబండ మీద సగం దాకా ఎక్కి ఏడ్చినదానివి, నువ్వు కితుల్‌గళలో రాఫ్టింగా! భలే అనిపించింది. టీ చల్లారేలోగా గుబులు పట్టుకుంది. వాట్సాప్‌లో పెడితే ఒక బొటనవేలు బొమ్మ పంపి వదిలేస్తావు. అందుకే కాగితం మీద రాస్తున్నాను.

తెలిసిన సంగతులు గబగబా చెప్పేస్తాను. పాస్‌పోర్టులకు ఇంకా ఆరునెలల పైన గడువుందో లేదో చూసుకో. ఈటీఏ, అంటే ఆన్‌లైన్‌లో ఇచ్చే ప్రయాణ అనుమతి, ఇక్కడుండగానే తీసుకో. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు రాఫ్టింగ్ లాంటివాటికి వర్తిస్తుందో లేదో అడుగు. డెంగీ ఉన్న దేశం, ఓడోమాస్ మర్చిపోకు. టైము మనదే, గడియారం తిప్పే పనిలేదు.

మేలో అన్నావు. పిల్లల సెలవులు అప్పుడే కాబట్టి కాదనలేను. కానీ మీ ప్లాన్‌లో దక్షిణాన ఉన్న మిరిస్సా బీచ్ ఉందట, కొట్టెయ్యి. మే నెలాఖరుకి నైరుతి దిగుతుంది, దక్షిణం, పడమర తీరాల్లో సముద్రం తిరగబడుతుంది. అదే సమయానికి తూర్పు ఒడ్డు శాంతంగా ఉంటుంది. పాసికుడాకి పో. అక్కడ నీళ్ళలో చాలా దూరం నడిచినా చిన్నదానికి నడుము దాటవు. పైగా దారి తిరుకోణమలై (ట్రింకోమలీ) మీదుగా పెట్టుకున్నావంటే మీ అమ్మ మారుమాట లేకుండా బయల్దేరుతుంది. పద్దెనిమిది శక్తిపీఠాల్లో మొదటి పేరు శాంకరీదేవిదే కదా, అక్కడే. పాత గుడిని 17వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళు కూల్చేశారు, ఇప్పుడున్నది తర్వాత కట్టుకున్నది. సముద్రం మీదికి పొడుచుకొచ్చిన కొండ కొమ్మున ఉంటుంది. ఆ గాలికి చెంగు నిలవదు, పిన్నీసులు పెట్టుకోమను.

సిగిరియా కొండకోట దగ్గర మాత్రం మీ అమ్మ మాట వినకు. "నేనూ ఎక్కుతా" అంటుంది. పన్నెండువందల మెట్లు, చివర్లో బండకి తగిలించిన ఇనుప మెట్లు. ఆ మోకాళ్ళతో వద్దు. కింద కాశ్యప రాజు నీటి తోటలున్నాయి, పదిహేనువందల ఏళ్ళ నాటివి, అక్కడ కూర్చోబెట్టు. మీరు మాత్రం ఎండ ముదరకముందే ఎక్కండి, గోల చెయ్యకండి. బండకి కందిరీగల పట్లుంటాయి, జాగ్రత్తని బోర్డులు కూడా పెట్టారు. బుద్ధుడి విగ్రహానికి వీపు పెట్టి సెల్ఫీ తీసుకోవద్దని మీవాడికి ఇక్కడే నేర్పు.

రాఫ్టింగ్‌కి నేను అడ్డు చెప్పను. చిన్నది వద్దని రాఫ్టింగ్ వాళ్ళంటే బతిమాలకు, అంతే.

ఇక అసలు సంగతి. రైలు.

2004 సంక్రాంతి సెలవులకు మేం శ్రీలంక వెళ్ళాం కదా, నువ్వప్పుడు ఎనిమిదో తరగతి. ఏనుగు బొమ్మ తెచ్చిచ్చాను, ఫొటోలు చూపించాను. ఒక్క సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. మీ అత్తయ్య చెప్పొద్దంది.

నానుఓయ స్టేషన్ నుంచి ఎల్ల అనే ఊరికి పోవాలి. రిజర్వేషన్ లేదు. ప్లాట్‌ఫారం నిండా జనం. రైలు రాగానే తలుపుల దగ్గర తొక్కిసలాట. నేనేమో ఇమ్లీబన్ బస్టాండులో ఏళ్ళ తరబడి కర్చీఫులు విసిరినవాణ్ణి. చూద్దును కదా, అక్కడి పెట్టెల కిటికీలకు మన రైళ్ళలాగా ఊచల్లేవు. ఇంకేం, మావాణ్ణి చంకలో చేతులేసి ఎత్తి కిటికీలోంచి లోపలికి తోశాను. పదేళ్ళ పిల్లాడు. చేతిలో నా గళ్ళ కర్చీఫ్ పెట్టి, "మూడు సీట్లు ఆపు, ఇప్పుడే వస్తున్నాం" అన్నాను. వాడికి అదో ఆటలా ఉంది, పళ్ళు ఇకిలించాడు.

మీ అత్తయ్యా నేనూ రెండు సూట్‌కేసులతో తలుపు దగ్గరికి పోయేసరికి విజిల్. ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టే చోటు లేదు. రైలు కదిలింది. పరిగెత్తాను బుజ్జీ, సూట్‌కేస్ వదిలేసి పరిగెత్తాను. వాడి కిటికీ అందలేదు. వాడు వెనక్కి తిరిగి కూడా చూడలేదు. సీట్లు కాస్తున్నాడు మరి.

పాస్‌పోర్టులు మూడూ నా నడుముకున్న సంచిలో. డబ్బంతా అందులోనే. వాడి జేబులో రెండు మామిడి తాండ్ర ముక్కలు తప్ప కాగితం ముక్క లేదు. సెల్‌ఫోన్ అంటావా, అప్పట్లో నాది అక్కడ పలికేది కాదు. జీవితమంతా టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఊళ్ళోవాళ్ళకి లైన్లు కలిపినవాణ్ణి, కన్నకొడుకు ఎక్కడున్నాడో కనుక్కోవడానికి దారి లేదు.

స్టేషన్ మాస్టరు పెద్దాయన. నన్నొక్క మాట అనలేదు. గోడకున్న ఫోన్ పిడి తిప్పి ముందున్న స్టేషన్లకి కబురు పెట్టాడు. అంబేవెలలో వెతికారు, ఆ జనంలో వాడు దొరకలేదు. ఆ మాట ఆయన నోట విన్నప్పుడు నా కాళ్ళలో బలం పోయింది. మీ అత్తయ్య సూట్‌కేసు మీద కూర్చుని వాడి స్వెట్టర్ మడతపెడుతోంది, విప్పుతోంది, మళ్ళీ మడతపెడుతోంది. ఏడవలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండేది. చివరికి పట్టిపొలలో దింపామని ఫోనొచ్చింది.

వ్యాను మాట్లాడుకుని ఆ కొండ దారుల్లో పడి వెళ్ళాం. ఆ దేశంలో అన్నిటికన్నా ఎత్తున్న స్టేషన్ అది, 1891 మీటర్లు. మంచు కమ్మి, మిట్టమధ్యాహ్నమే సాయంత్రంలా ఉంది. మాస్టరు గదిలో మావాడు ఎవరిదో పెద్ద కోటు కప్పుకుని, బల్ల మీద కాళ్ళు ఊపుతూ బన్ను తింటున్నాడు. మొసలి ఆకారంలో ఉండే బన్ను, పైన పంచదార, కింబుల బనిస్ అంటారు. మూతి నిండా పంచదార పలుకులే. కర్చీఫ్ ఇంకా ఎడమ పిడికిట్లోనే ఉంది. నన్ను చూసి ఏడుపు మొహం పెట్టి ఏమన్నాడో తెలుసా? "నాన్నా, మూడు సీట్లూ ఆపాను, వీళ్ళే దింపేశారు."

ఎక్కడ బస చేశారు బాబూ అని స్టేషన్‌వాళ్ళు అడిగితే "మలక్‌పేట" అన్నాడట. వాడికి తెలిసిన అడ్రసు అదొక్కటే. నేను నేర్పింది అదొక్కటే.

ఆ రాత్రి ఎల్లలో మీ అత్తయ్య అంది: "ఈ సంగతి వదినగారికి చెప్పకండి, జన్మంతా మిమ్మల్ని ఎత్తిపొడుస్తారు." అంతే. నన్ను కడిగేస్తుందనుకుంటే నన్నే కాపాడింది. ఇరవై ఏళ్ళకు పైగా ఆ మాట మీదున్నాను. ఆవిడ పోయి మూడేళ్ళయింది, ఇక నీకు చెప్పొచ్చనిపించింది. నీకే, మీ అమ్మకి కాదు.

కాబట్టి చెప్పింది చెయ్యి. పాస్‌పోర్టులన్నీ ఒకే సంచిలో వద్దు, నీ దగ్గర సగం, అల్లుడి దగ్గర సగం. సిమ్‌లు విమానాశ్రయంలోనే తీసుకోండి, మీ అమ్మకీ ఒకటి. ఇద్దరు పిల్లల జేబుల్లోనూ చీటీ ఉండాలి: పేరు, మీ నంబర్లు, ఆ రాత్రి బస చేసే చోటు. హోటలువాళ్ళనే అడిగి సింహళంలో, తమిళంలో రాయించు. ఊరు మారినప్పుడల్లా చీటీ మారాలి, పాత చీటీ జేబులో ఉంటే లేనిదానికన్నా అన్యాయం. రైలెక్కేటప్పుడు మొదట ఒక పెద్ద, మధ్యలో పిల్లలు, చివర ఇంకో పెద్ద. తప్పిపోయినవాళ్ళు ఎక్కడున్నవాళ్ళు అక్కడే ఆగాలి, వెతికేది పెద్దవాళ్ళే అని పిల్లలతో పదిసార్లు అనిపించు. నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో తప్పిపోయి ఏడ్చే పిల్లల పేర్లు మైకులో వింటూ నవ్వుకునే వాళ్ళం కదూ, ఆ తర్వాత నేనెప్పుడూ నవ్వలేదు. సీట్లకి ముప్ఫై రోజుల ముందే రిజర్వేషన్ తెరుస్తారు, ఆ పూటే కూర్చో. దొరక్కపోతే నిలబడే వెళ్ళండి, రెండున్నర మూడు గంటలే. తలుపు పట్టుకుని బయటికి వేలాడుతూ ఫొటోలు దిగుతారట ఇప్పుడు. మీవాడు అలా వేలాడాడని తెలిస్తే మాత్రం నేను ఇక్కడ అన్నం ముట్టను.

ఇంకో మాట. అక్కడ అంబులెన్స్ నంబరు 1990. మన 108 లాంటిదే, 2016లో మన దేశం సాయంతోనే మొదలైంది. పోలీసుకి 119. ఈ రెండూ చీటీ వెనక రాయి.

భయపెడుతున్నానని మానుకునేవు, వెళ్ళిరా. పట్టిపొలలో రైలు ఆగితే ఆ బోర్డు ఫొటో ఒకటి తీసి పంపు, మావాడికి చూపిస్తాను. వచ్చేటప్పుడు కింబుల బన్ను రెండు పట్రా, రెండ్రోజులు ఆగుతుంది. నా షుగర్ సంగతి అల్లుడి దగ్గర ఎత్తకు.

ఆశీస్సులతో,
మామయ్య