తిరుపతిలో సైక్లోక్రాస్ రేసుకి సైకిల్ ఎలా సిద్ధం చేసుకోవాలి?

సైక్లోక్రాస్ అంటే ఇసుక, బురద, మెట్లు, అడ్డంకుల మీదుగా రౌండ్లు కొట్టే సైకిల్ రేసు. ముందు టైర్ల సంగతి చూసుకోండి, సగం రేసు అక్కడే ఉంది. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య (యూసీఐ) నిబంధన ప్రకారం టైరు వెడల్పు 33 మిల్లీమీటర్లు దాటకూడదు. మన దగ్గర సర్కారు తుమ్మ ముళ్లు ఎక్కువ కాబట్టి ట్యూబ్‌లెస్ పెట్టి సీలెంట్ (చిల్లుల్ని లోపల్నుంచే మూసే ద్రవం) పోయించండి. ఎండలకు అది త్వరగా ఆరిపోతుంది, రెండు నెలలకోసారి చూసుకోవాలి.

గాలి చాలామంది ఎక్కువ కొట్టేస్తారు. 70 కిలోల మనిషైతే 25 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టండి. స్వర్ణముఖి ఇసుకలో ఒక రౌండు వేసి, చక్రం కూరుకుపోతుంటే ఒక్కో పాయింటే తగ్గించండి. రాయి తగిలి రిమ్ము టక్‌మంటే మరీ తగ్గించారన్నమాట. మామూలు ట్యూబ్ అయితే ఇంత తగ్గించొద్దు, పంక్చరే.

ముందు వైపు ఒక్క చైన్‌రింగ్ (పెడల్ దగ్గరి పళ్ల చక్రం) చాలు, 40 పళ్లది. పళ్లు ఒకటి సన్నం, ఒకటి వెడల్పు ఉండే రకమైతే కుదుపులకు చైన్ ఊడదు. డిస్క్ బ్రేకులు ఉంటే మంచిది, బురదలోనూ పట్టుంటుంది.

బాటిల్ స్టాండ్ తప్పకుండా విప్పేయండి. అడ్డంకుల దగ్గర సైకిల్ని భుజాన వేసుకుని పరుగెత్తాలి, ఫ్రేములోంచి చెయ్యి దూరేటప్పుడు అదే అడ్డం. వీలైతే చంద్రగిరి వైపు మెట్లున్న చోట రోజూ పదిసార్లు ఎత్తి దించడం అలవాటు చేసుకోండి.