నవల వెనక అట్ట మీద ఏం రాయాలి?

మీ మొదటి నవల అచ్చుకు వెళ్తోందని, వెనక అట్టకి వంద మాటలు రాసివ్వమన్నారని, మూడు రోజులుగా ఒక్క వాక్యం కూడా కుదరడం లేదని అడిగారు. ఆ టెన్షన్ నాకు తెలుసు. నవలంతా రాసిన మనిషికి ఆ వంద మాటలే కష్టం. కథంతా మనకి తెలుసు కాబట్టి ఏదీ వదలబుద్ధి కాదు.

నా నవల శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో పోయిన ఒక ఊరి గురించి. మొదటి ముద్రణకి వెనక అట్ట మీద ఇలా వేశాం: “విధ్వంసమైన పల్లె జీవితాన్ని, మానవ సంబంధాల్లోని ఆర్ద్రతను హృద్యంగా ఆవిష్కరించిన నవల.” పక్కన నా ఫొటో, కింద ముందుమాటలోంచి నాలుగు పొగడ్తలు. హైదరాబాద్ బుక్ ఫెయిర్‌లో రెండు సాయంత్రాలు స్టాల్ దగ్గర నిలబడి చూశాను. పుస్తకం చేతిలోకి తీసుకుంటారు, తిప్పి వెల చూస్తారు, ఆ అక్షరాల మీద ఒక్క క్షణం చూపు ఆపి పెట్టేస్తారు. ఒకమ్మాయి మాత్రం “కథేంటండీ?” అని అడిగింది. నాలుగు ముక్కల్లో చెప్పాను. “ఇంతకీ ఏం పాతిపెట్టింది?” అంది. పుస్తకం కొనుక్కుంది.

ఆ అమ్మాయికి చెప్పిందే రెండో ముద్రణ అట్ట మీదికి ఎక్కింది:

“ఏటా ఎండాకాలం జలాశయంలో నీళ్లు తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడే రోజుల్లో సుబ్బమ్మ బస్సెక్కుతుంది. మునిగిపోయిన తన ఇంటి పునాదులూ అప్పుడే తేలతాయి. ఊరు ఖాళీ చేసిన రాత్రి గడప కింద ఆమె ఏం పాతిపెట్టిందో కొడుక్కి కూడా తెలీదు. ఈసారి కొడుకు తోడొస్తానంటున్నాడు.”

ఇందులో నవల సారాంశం లేదు. ఒక మనిషి, ఒక చోటు, ఆమెకి వచ్చిన ఒక ఇబ్బంది ఉన్నాయి, అంతే. నిర్వాసితుల పోరాటం, పరిహారం కోసం తిరిగిన ఆఫీసులు నవల్లో సగం ఉన్నాయి. అట్ట మీద వాటి ఊసే ఎత్తలేదు, అది నాకు చాలా బాధనిపించింది కూడా. అయినా సుబ్బమ్మ వెంట లోపలికి వచ్చినవాళ్లకి అవన్నీ ఎలాగూ ఎదురవుతాయి. “హృద్యంగా”, “ఆర్ద్రంగా” అన్న మాటలు మనం అనకూడదు. చదివినవాళ్లు అనాలి. కథల సంపుటి అయినా ఇంతే, పన్నెండు కథల్నీ పేరుపేరునా పరిచయం చేయకుండా ఒక్క కథలోని చిక్కు చెప్తే చాలు.

పెద్దవాళ్ల మెచ్చుకోలు వేయొద్దని కాదు. ఒక్క వాక్యం చాలు, అదీ మీ పుస్తకానికి మాత్రమే సరిపోయేదై ఉండాలి. వెనక అట్ట మీది రాతని ఇంగ్లీషులో బ్లర్బ్ అంటారు. ఆ మాటని 1907లో అమెరికా రచయిత జెలెట్ బర్జెస్ పుట్టించిందే అట్టల మీది అతి పొగడ్తల్ని ఆటపట్టించడానికి.

మొదటి రెండు వాక్యాల మీద ఎక్కువ సేపు కూర్చోండి. ఆన్‌లైన్‌లో అమ్మేటప్పుడు ఇదే మేటర్ పెడతారు, చాలాచోట్ల పైన కనిపించేది ఆ రెండు వాక్యాలే. కింద ఐఎస్‌బీఎన్ బార్‌కోడ్‌కీ వెలకీ చోటు పోతుంది కాబట్టి ఎనభై మాటలు దాటకపోతే మంచిది. ఇరికించి వేస్తే పై వరస ఒత్తులు కింది వరస గుడులకి తగులుతాయి. ముదురు రంగు మీద తెల్లక్షరాలు వేస్తే సన్నటి ఒత్తులు పూడుకుపోతాయి.

ఇంకొకటి. లోపలి పేజీలు మూడుసార్లు ప్రూఫ్ చూశాను. అట్ట డిజైన్ వేరేచోట జరిగింది, యూనికోడ్‌లో (ఫోన్లో, కంప్యూటర్లో మామూలుగా కొట్టే తెలుగులో) పంపిన మేటర్ డీటీపీ వాళ్లు వాడే అను ఫాంట్‌లోకి మార్చేటప్పుడు రెండు ఒత్తులు ఎగిరిపోయాయి. నేను చూసుకోలేదు, అలాగే అచ్చయిపోయింది. అట్టని కూడా కాగితం మీద ప్రింట్ తీయించి, నవల చదవని ఒకరి చేత పైకి చదివించండి. వాళ్లు ఎక్కడ తడబడితే అక్కడ దిద్దండి. చదవడం అయ్యాక “తర్వాత ఏమైంది?” అని అడిగితే ప్రెస్‌కి పంపేయండి.