బోను తలుపు మంచుకు బిగుసుకుపోతుంటే

ప్రశ్న: మాది హైదరాబాద్, కూకట్‌పల్లి. అమెరికాలోని మిన్నసోటాలో ఈమధ్యే ఇల్లు కొనుక్కున్నాం. గరాజ్‌లో ఎలుకలు తిరుగుతున్నాయి, డెక్ (ఇంటిని ఆనుకుని ఉండే చెక్క అరుగు) కింద ఏదో పెద్ద జంతువు చేరింది. పట్టి వదిలేద్దామని ఇనుప బోను కొని పెరట్లో పెట్టాం. ఎర మాయమవుతోంది కానీ తలుపు పడటం లేదు. పొద్దున చూస్తే మంచు గడ్డకట్టి ఉంటోంది. వేడినీళ్లు పోసి కరిగిస్తే మర్నాటికి ఇంకా గట్టిగా పట్టేస్తోంది. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ వేడినీళ్లు మానేయండి. బోను పట్టేసేది చలికి కాదు, తడికి. పొడిగా ఉన్న బోను మైనస్ 30లో కూడా టక్కున పడుతుంది. తడిసినది మైనస్ 2లోనే కదలదు. మీరు పోసిన నీళ్లు కొంత కారిపోయినా, మిగిలినవి ఇరుసు సందుల్లోకి దిగి గంటలో మళ్లీ గడ్డకడతాయి. ఉన్న కాస్త నూనె కూడా వాటితోపాటే కొట్టుకుపోతుంది.

ఇందులో ఒక చిక్కు ఉంది. రకూన్లు (కళ్ల చుట్టూ నల్లటి పట్టీ ఉండే, పిల్లికన్నా పెద్ద జంతువులు), స్కంకులు (భయపడితే కంపుకొట్టే ద్రవం చిమ్మేవి) గడ్డు చలిలో రోజుల తరబడి గూట్లోంచి కదలవు. ఎండ కాసి కాస్త వెచ్చబడ్డ రోజు రాత్రి ఆకలితో బయటపడతాయి. సరిగ్గా ఆ రోజే కప్పు మీద మంచు కరిగి బోనులోకి కారుతుంది, పొద్దుగూకాక రాయిలా పట్టేస్తుంది. జంతువు వచ్చే రాత్రీ బోను మొరాయించే రాత్రీ ఒకటే అన్నమాట. కాబట్టి ఫోన్లో వాతావరణం చూసి, పగలు సున్నా దాటి రాత్రి సున్నా కిందికి దిగే రోజుల కోసమే ఏర్పాట్లు చేసుకోండి. ఫారెన్‌హీట్ ఇంకా అలవాటు కాకపోతే 32 అంటే మన సున్నా, వాళ్ల సున్నా అంటే మన మైనస్ 18.

గడ్డకట్టే చోట్లు నాలుగు. తలుపు తిరిగే ఇరుసు. జంతువు కాలు పెట్టే తొక్కుడు పలక, దాని కింది ఖాళీ. పలక నుంచి తలుపుకు పోయే చువ్వ చివరి కొక్కెం. తలుపు పడ్డాక దిగి తాళం వేసే కమ్మీ. అందరూ తలుపునే చూస్తారు కానీ ఎక్కువసార్లు తప్పు పలకదే. దాని కింద అంగుళం మంచు చేరితే చాలు, కిందికి దిగదు. జంతువు దాని మీద నిలబడి తీరిగ్గా తిని పోతుంది. మీ ఎర మాయమవడానికి కారణం ఇదే అయ్యుంటుంది.

బోనును నేల మీద పెట్టకండి. పేరుకు రెండు అంగుళాల మందం, నాలుగు అంగుళాల వెడల్పు అని అమ్మే చెక్కముక్కలు హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతాయి. రెండు ముక్కలు అడ్డంగా పరిచి, ఒకటి ముందు తలుపు దగ్గరికి, ఒకటి వెనక్కి వచ్చేలా వాటిమీద బోను ఉంచండి. పలక కింద మాత్రం చెక్క ఉండకూడదు. బోను ఊగితే జంతువు లోపలికి రాదు, అందుకని చేత్తో నొక్కి చూసి, కదిలితే సన్న చెక్కపేడు దూర్చండి. తీగల మీద కాలు పెట్టడానికి జంకే జంతువుల కోసం అడుగున గడ్డి పరచాలంటే పొడి గోధుమ గడ్డి పలచగా, పలకకు ముందూ వెనకా మాత్రమే. రాలిన ఆకులు వద్దు. అవి తడి పట్టి పలకతో సహా గడ్డకడతాయి.

తర్వాత గొడుగు. బట్టలు, సామాన్లు సర్దుకునే పెద్ద ప్లాస్టిక్ డబ్బా ఒకటి తీసుకుని, ఒక చివర కోసేసి, బోను మీద బోర్లించి పైన ఇటుక పెట్టండి. డబ్బా బోనుకన్నా అన్ని వైపులా రెండు మూడు అంగుళాలు పెద్దదిగా ఉండాలి, లేకపోతే పడే తలుపు దానికే తగులుతుంది. రకూన్‌కు వాడే బోను 32 అంగుళాల పొడవు, 10 వెడల్పు, 12 ఎత్తు ఉంటుంది. ఆ లెక్కన డబ్బా ఎంచుకోండి. తెరిచిన వైపు గాలికి ఎదురుగా ఉండకూడదు. మీ ప్రాంతంలో చలిగాలి ఎక్కువగా వాయవ్యం నుంచి వస్తుంది, అందుకని మూతి ఆగ్నేయానికి పెట్టండి.  చూరు అంచుకు సరిగ్గా కింద మాత్రం పెట్టకండి. కరిగిన నీరంతా ధారగా అక్కడే పడుతుంది.

ఇక నూనె. మనవాళ్లు తలుపు కిర్రుమంటే వెతికేది కొబ్బరినూనె. హైదరాబాద్‌లోనే డిసెంబర్ పొద్దున సీసాలో గడ్డకట్టేది ఇక్కడేం పనికొస్తుంది? 24 డిగ్రీల దగ్గరే అది గట్టిపడుతుంది. వేరుశనగ నూనె కూడా ఈ చలికి చిక్కబడిపోతుంది. వాజిలిన్, మామూలు గ్రీజు జిగటగా మారి పలకను పట్టేస్తాయి. వాడాల్సింది ఆరిపోయే రకం సిలికాన్ స్ప్రే, లేదా తాళాలకు వేసే గ్రాఫైట్ పొడి. స్ప్రే కొట్టాక ఒకరోజు గరాజ్‌లో వదిలేయండి, వాసన పోతుంది. ఇరుసులకు, కొక్కేనికి, కమ్మీకి పలచగా చాలు. కారేలా కొడితే దుమ్ము పడుతుంది.

బోను ఇప్పటికే గడ్డకట్టి ఉంటే లోపలికి తెచ్చి పూర్తిగా కరగనివ్వండి. పాత తువ్వాలుతో తుడిచి, జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్‌తో ఇరుసులు ఆరబెట్టి, అప్పుడు స్ప్రే కొట్టండి. వెచ్చగా ఉండగానే బయట పెట్టకూడదు. మీద పడ్డ మంచు కరిగి నీరై మళ్లీ పట్టేస్తుంది. చల్లటి గరాజ్‌లో రెండు గంటలు ఉంచి తర్వాత బయటికి తీసుకెళ్లండి. ఆ తర్వాత రోజూ లోపలికీ బయటికీ తిప్పకండి. చలిలోంచి ఇంట్లోకి రాగానే కళ్లద్దాలు మసకబారినట్టు, చల్లటి ఇనుము మీద ఇంట్లో గాలిలోని తేమంతా చేరుతుంది. ఒకసారి చల్లబడ్డ బోను చల్లగానే ఉండాలి.

ఉప్పు చల్లితే పోలేదా అని చాలామంది అడుగుతారు. వంటింటి ఉప్పయినా, రోడ్ల మీద చల్లే రాతి ఉప్పయినా దాదాపు మైనస్ 9 వరకే చురుగ్గా పనిచేస్తుంది. అంతకన్నా చలి పెరిగితే కరిగిన ఉప్పునీరు మళ్లీ చిక్కబడి గడ్డవుతుంది, బోను తుప్పు పడుతుంది. కాల్షియం క్లోరైడ్ మైనస్ 25 దాటినా పనిచేస్తుంది కానీ గాలిలో తేమను లాగి తానే తడిగా ఉంటుంది, ఇనుమును ఇంకా త్వరగా తింటుంది. వాడితే చెక్కల చుట్టూ నేల మీద గుప్పెడు, బోనుకు తగలకుండా. చేతికి తొడుగు తప్పనిసరి.

నీళ్లు గడ్డకట్టకుండా వాడే యాంటీఫ్రీజ్ ద్రవం విషయంలో మాత్రం జాగ్రత్త. కారులో పోసే మామూలు రకంలో ఇథిలీన్ గ్లైకాల్ ఉంటుంది. తియ్యగా ఉంటుంది కాబట్టి కుక్కలు, పిల్లులు నాకుతాయి, కొద్దిపాటికే మూత్రపిండాలు పాడై చచ్చిపోతాయి. పిల్లలున్న ఇంట్లో చెప్పనక్కర్లేదు. లోపలే వండుకుని పడుకోవడానికి వీలుండే క్యాంపర్ బండ్ల నీటిగొట్టాల్లో పోసేది ప్రొపిలీన్ గ్లైకాల్ రకం. దాని ప్రమాదం చాలా తక్కువ. రంగు చూసి నమ్మకండి, సీసా మీద పేరు చదవండి. దాని మీద మైనస్ 50 ఫారెన్‌హీట్ అని రాసి ఉండటం గొట్టం పగలదని హామీ మాత్రమే. ద్రవం అంతకన్నా చాలా ముందే ఐస్ ముద్దలా మారుతుంది. అసలు మీ బోనుకు దీని అవసరం పడకపోవచ్చు. ఈ ద్రవాలూ, మైనం పట్టించిన మట్టీ నేలలో పాతే కాలి ఉచ్చులు పెట్టే వేటగాళ్ల సరంజామా. ఆ పనికి లైసెన్సు కావాలి, మీరు ఆ జోలికి పోకండి.

ఎర సంగతి. ఆపిల్ ముక్క, బ్రెడ్డు, అన్నం ముద్ద గంటలో రాయైపోతాయి, వాసన రాదు. పీనట్ బటర్ గట్టిపడినా గడ్డకట్టదు. సీసా మూతలో చెంచాడు వేసి, పలక దాటాక బోను చివర వైర్‌తో కట్టేయండి. ఉడుతలకైతే పొద్దుతిరుగుడు గింజలు పైన చల్లండి.

దొరికాక ఏంటన్నది బోను పెట్టకముందే తేల్చుకోండి. తడిసి, తిండి లేక, గాలికి ఎదురుగా తీగల మధ్య ఇరుక్కున్న చిన్న జంతువు ఒక్క రాత్రిలో చచ్చిపోతుంది. అందుకే గాలితో కలిపి మైనస్ 15 కన్నా చలి ఉండే రాత్రి బోను తలుపు పడకుండా కట్టేసి ఉంచడం మంచిది. మిగతా రాత్రుల్లో పడుకునే ముందు ఒకసారి, తెల్లవారగానే ఒకసారి చూడాలి. పట్టిన జంతువును ఎక్కడో పార్కులో వదిలొద్దామంటే చాలాచోట్ల చట్టం ఒప్పుకోదు. మసాచుసెట్స్‌లో మీ స్థలం దాటించి వదలకూడదు. కెనడాలోని ఒంటారియోలో పట్టిన చోటికి కిలోమీటరు లోపే వదలాలి. మీ రాష్ట్ర సహజవనరుల శాఖకు ముందే ఫోన్ చేసి అడగండి, ఓపిగ్గానే చెబుతారు. చట్టం ఒప్పుకున్నా, చలికాలంలో గూడూ దాచుకున్న తిండీ లేని కొత్తచోట వదిలితే అది బతకడం కష్టం. స్కంక్, రకూన్ రేబిస్ మోసే జంతువులు, చేత్తో ముట్టుకోవద్దు. స్కంక్ పడితే సంగతి వేరే: బోను మీద పాత దుప్పటి కప్పి, పట్టేవాళ్లను పిలవండి.

గరాజ్ ఎలుకలకు పెద్ద బోను అక్కర్లేదు. బేగంబజార్ నుంచి అమ్మానాన్నల చేత తెప్పించుకునే ఇనుప బోను పందికొక్కులకు బాగుంటుంది కానీ, ఇక్కడి చిట్టెలుక దాని చువ్వల సందుల్లోంచే దూరిపోతుంది. జిగురు అట్టలు చలిలో జిగురు గట్టిపడి పనికిరావు, పైగా అవి క్రూరం కూడా. చెక్క మీద స్ప్రింగ్ ఉండేవి చాలు. గోడకు అడ్డంగా, ఎర ఉన్న చివర గోడను తాకేలా, రెండేసి పక్కపక్కన పెట్టండి. కారు మీంచి కరిగిన మంచు నీరు పారే చోట వద్దు. చెక్క ఉబ్బి కొక్కెం పట్టేస్తుంది. బ్యాటరీతో నడిచే ఎలుక బోనైతే మామూలు ఆల్కలైన్ కణాలు చలికి నీరసిస్తాయి, లిథియం ఏఏ కణాలు వేయండి. అవి మైనస్ 40 దాకా పనిచేస్తాయి.

ఎలుక రెట్టలను పొడిగా ఊడ్చకండి. డీర్ మౌస్ అనే ఎలుకల ద్వారా ఊపిరితిత్తులను దెబ్బతీసే హాంటా వైరస్ వస్తుంది, ఆ దుమ్ము పీల్చడమే ప్రమాదం. ఒక వంతు బ్లీచ్, తొమ్మిది వంతుల నీళ్లు కలిపి తడిపి, ఐదు నిమిషాలాగి, తొడుగులతో తుడవండి. సోనా మసూరి సంచులు, కందిపప్పు గరాజ్‌లో నేల మీద ఉంటే ఏ ట్రాపూ ఆపలేదు. మూత గట్టిగా పడే డబ్బాల్లోకి మార్చండి. పావు అంగుళం సందుంటే ఎలుక దూరుతుంది, గరాజ్ తలుపు కింది రబ్బరు మూలలు ముందు చూడండి.

డెక్ కింద నుంచి జంతువు వెళ్లిపోయిందో లేదో తెలియాలంటే కన్నంలో పాత పేపరు ఉండలు చుట్టి వదులుగా దూర్చండి. రెండు మూడు వెచ్చటి రాత్రులు గడిచినా అవి కదలకపోతే లోపల ఎవరూ లేనట్టే. చలి రాత్రులు లెక్కలోకి రావు, అప్పుడు అది లోపల పడుకునే ఉండొచ్చు. ఖాళీ అని తేలాక అర అంగుళం కన్నాల గాల్వనైజ్డ్ జాలీని డెక్ చెక్కలకు స్క్రూలతో బిగించండి. నేల గడ్డకట్టి ఉంది కాబట్టి ఇప్పుడు తవ్వలేరు. నేల మెత్తబడ్డాక అడుగు లోతు కందకం తీసి, జాలీ కింది అంచును బయటి వైపు అడుగు మడిచి పూడ్చండి.