పాఠకుల ప్రశ్నలు: పాత తోటలో కాపురం

ప్రశ్న: రిటైరయ్యాను. విజయవాడ దగ్గర ఒక ట్రస్టువారి పాత రాతి మండపం, చుట్టూ అరెకరం పచ్చిక ఉన్నాయి. జీతం లేకుండా తోట చూసుకుంటే క్వార్టర్ ఇస్తామంటున్నారు. మా దంపతులం వెళ్ళాలనుకుంటున్నాం. ముందుగా ఏం చూసుకోవాలి?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ముందు నీళ్ళ లెక్క చూడండి. చదరపు మీటరుకు 1 మిల్లీమీటరు నీరంటే 1 లీటరు. అరెకరం అంటే సుమారు 2,000 చదరపు మీటర్లు. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో పచ్చిక నిలవాలంటే రోజుకు 5 మిల్లీమీటర్లయినా కావాలి, అంటే 10,000 లీటర్లు. మోటారు నిమిషానికి 40 లీటర్లు పోస్తే నాలుగు గంటల పైమాటే. బకెట్ పెట్టి ఎన్ని సెకన్లలో నిండుతుందో మీరే కొలవండి. చాలదంటే పచ్చిక తగ్గించమని ఇప్పుడే అడగండి. మే నెలలో అడిగితే ఎండిన గడ్డికి మిమ్మల్నే తప్పుపడతారు.

రెండోది కాగితం. అది అద్దె ఒప్పందం కాదు, సేవ చేసినన్నాళ్ళు ఉండే అనుమతి మాత్రమే. కరెంటు బిల్లు ఎవరిది, వారానికి సెలవు ఎన్ని రోజులు, ఖాళీ చేయడానికి గడువు ఎంత, పనిలో దెబ్బ తగిలితే వైద్య ఖర్చు ఎవరిది అన్నవి రాయించుకోండి. ‘రాత్రి కాపలా’ అన్న మాట ఉంటే తీయించండి. తోటపని, కాపలా రెండూ ఒకరే చేస్తే రెండూ చెడతాయి.

ఇక రాయి దగ్గర పని. అసలు బాధ్యత ఇక్కడే ఉంది, పచ్చిక ఎండినా వానకు మళ్ళీ చిగురిస్తుంది గానీ పెచ్చు ఊడిన శిల్పం తిరిగి రాదు. స్ప్రింక్లర్ జల్లు గోడకు తగలకూడదు. బోరు నీటిలోని ఉప్పు రాతిలోకి దిగి, ఎండినప్పుడు తెల్లగా పూసి, పైపొరను పెచ్చులుగా లేపుతుంది. గోడ చుట్టూ మీటరు వెడల్పున గడ్డి లేకుండా కంకర పరిపించండి. నేల వాలు మీటరుకు 2 సెంటీమీటర్లు బయటివైపు ఉండాలి. గడ్డి కోసే యంత్రంలో గిర్రున తిరిగే తీగ శాసనాల అంచులను కొట్టేస్తుంది, కాబట్టి కంకర లేని చోట రాతి చుట్టూ అడుగు మేర కొడవలితోనే కోయండి. ఆకులు తగలబెట్టొద్దు, మసి రాతిని పట్టుకుంటుంది. క్వార్టర్‌కు దూరంగా కుప్ప పోసి ఎరువు చేయండి, ఎందుకంటే ఆ కుప్పలో పాములు చేరతాయి. చీకట్లో టార్చి, బూట్లు లేకుండా అడుగు పెట్టకండి.

ప్రశ్న: మా ఊరి పాత గుడి గోడలో రావి మొలకలు వస్తున్నాయి. నరికినా మళ్ళీ వస్తున్నాయి. ఉప్పు పోయమంటున్నారు.
– ఒక పాఠకురాలు, మంగళగిరి

జవాబు: పోయకండి. ఉప్పు చేసే చెడు పైన చెప్పాం. యాసిడ్ అయితే సున్నాన్నే తినేస్తుంది. పిట్టలు రెట్టలో వదిలిన గింజ సందులో మొలుస్తుంది. నరికితే మోడు నుంచి నాలుగు కొమ్మలు లేస్తాయి, లోపల వేరు మాత్రం లావవుతూనే ఉంటుంది. పెన్సిలంత సన్నగా ఉండగా, వాన వెలిసిన మర్నాడు, సందు తడిగా ఉన్నప్పుడు వేరుతో సహా మెల్లగా లాగండి. అందుకే వానాకాలంలో పదిహేను రోజులకోసారి గోడ మొత్తం చూడాలి. అంతకన్నా లావైతే లాగకండి, వేరుతోపాటు రాళ్ళూ కదులుతాయి. పురావస్తు శాఖ వారికి ఫోటోతో అర్జీ పెట్టండి. ఖాళీ అయిన సందును సిమెంటుతో పూడ్చొద్దు. సిమెంటు తడిని బయటికి పోనివ్వదు, ఆ తడి పక్క రాయిని తినేస్తుంది. పాత గోడకు డంగుసున్నమే (గానుగలో రుబ్బిన సున్నం, ఇసుక) సరిపడుతుంది.

ప్రశ్న: ఉండవల్లి గుహల దగ్గర ఇలా ఉండి సేవ చేయొచ్చా?
– ఒక పాఠకుడు, తాడేపల్లి

జవాబు: కాపురం ఉండటం కుదరదు. అది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది, తోటను వారి ఉద్యాన విభాగమే చూస్తుంది. రక్షిత హద్దు నుంచి 100 మీటర్ల లోపు కొత్త కట్టడం కూడా నిషిద్ధం. పగటిపూట శుభ్రత కార్యక్రమాలకు వెళ్ళాలనుకుంటే శాఖ అనుమతి తీసుకుని వెళ్ళండి. అక్కడ మొక్క నాటడానికి కూడా సొంతంగా గుంత తవ్వకండి.