బకాయి ప్రభుత్వానిది, బిల్లు రోగిదా?

ప్రశ్న: మాది గాజువాక. నేను ఆటో నడుపుతాను. రెండు నెలల క్రితం అర్ధరాత్రి మా అమ్మకు గుండెపోటు వస్తే దగ్గరలోని ప్రైవేటు ఆసుపత్రికి తీసుకువెళ్లాం. అది ఎన్టీఆర్ వైద్యసేవ నెట్‌వర్క్ ఆసుపత్రి, మాకు బియ్యం కార్డు ఉంది. అయినా ప్రభుత్వం నుంచి బకాయిలు రాలేదని చెప్పి, రూ.1.80 లక్షలు కట్టించుకున్నాకే స్టెంట్ వేశారు. డిశ్చార్జి నాడు మరో రూ.62 వేలు కట్టేదాకా కదలనివ్వలేదు. చేర్చేటప్పుడు నా చేత సంతకం పెట్టించిన కాగితంలో ‘కార్డు వద్దు, సొంత ఖర్చుతో చేయించుకుంటాం’ అని ఉంది. అమ్మ బంగారం తాకట్టులో ఉంది. మా డబ్బు తిరిగి వస్తుందా?

జవాబు: ప్రాణాపాయంలో ఉన్న రోగికి చికిత్స చేయవలసిన బాధ్యత ఒకటి, ఆ ఖర్చు భరించవలసిన బాధ్యత మరొకటి. ఈ రెండింటినీ కలిపి మాట్లాడడం వల్లనే చాలా ఫిర్యాదులు వీగిపోతుంటాయి. మొదటి బాధ్యత విషయంలో సందేహం లేదు. అత్యవసర స్థితిలో వచ్చిన రోగిని కాపాడడం ప్రభుత్వ వైద్యుడికైనా ప్రైవేటు వైద్యుడికైనా విధి అని 1989లో పరమానంద కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రైలు నుంచి పడి తలకు దెబ్బ తగిలిన ఒక కూలీని ప్రభుత్వ ఆసుపత్రులు ఒకదాని తరువాత ఒకటి తిప్పిపంపిన కేసులో 1996లో రూ.25,000 పరిహారం ఇప్పిస్తూ, ప్రాణరక్షణకు డబ్బు లేదన్న సాకు ప్రభుత్వానికి చెల్లదని కూడా అన్నది. అయితే ప్రైవేటు ఆసుపత్రి ఆ చికిత్సను ఉచితంగా చేయాలని ఈ రెండు తీర్పులూ చెప్పలేదు. సభల్లో జీవించే హక్కునిచ్చే రాజ్యాంగం 21వ అధికరణం గురించి గట్టిగా మాట్లాడేవారు ఈ సంగతి దాటవేస్తారు. రోడ్డు ప్రమాద బాధితులకు మాత్రం ఏడు రోజుల వరకు, రూ.1.5 లక్షల పరిమితితో నగదు రహిత చికిత్స పథకాన్ని కేంద్రం 2025లో తెచ్చింది. అది గుండెపోటుకు వర్తించదు.

మీరు వెళ్లినది నెట్‌వర్క్‌లో లేని ఆసుపత్రి అయివుంటే, డబ్బు వాపసు మీద నేను పెద్దగా ఆశ పెట్టేవాడిని కాను. మీకు కలిసివచ్చేది ఆ ఆసుపత్రి తానుగా, వైద్యసేవ పథకాన్ని నడిపే ప్రభుత్వ ట్రస్టుతో చేసుకున్న ఒప్పందమే. పథకం జాబితాలోని చికిత్సకు అర్హుడైన కార్డుదారుడు చేరితే పరీక్షలు, మందులు, భోజనం, ఇంటికి తిరిగి వెళ్లే చార్జీలతో సహా అన్నీ ప్యాకేజీలోనే ఉంటాయి, రోగి దగ్గర రూపాయి తీసుకోకూడదు. బకాయిలంటారా, ఆ మాట అబద్ధమని నేననను. 2024లోనూ 2025లోనూ ఆసుపత్రులు ఆ కారణంతోనే సేవలు ఆపాయి. కొంత భారం బీమా కంపెనీలకు, మిగతాది ట్రస్టుకు అప్పగించే కొత్త పద్ధతిని రాష్ట్ర మంత్రివర్గం 2025 సెప్టెంబరులో ఆమోదించింది కూడా. కానీ ట్రస్టు ఇవ్వవలసిన సొమ్మును ట్రస్టు దగ్గరే అడగాలి, ఇవ్వకపోతే హైకోర్టుకు వెళ్లాలి. నెట్‌వర్క్ బోర్డు గోడకు ఉంచుకుని, ఆ బాకీని స్ట్రెచర్ పక్కన నిలబడ్డ కొడుకు జేబులోంచి రాబట్టుకోవడం ఒప్పందానికి విరుద్ధం.

ఇక ఆ కాగితం. ఆసుపత్రి తరఫు వకీలు మొదట చూపించేది దాన్నే. ఇష్టం లేకపోతే మహారాణిపేటలోని ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌కు వెళ్లి ఉండవచ్చు కదా అని కూడా అడుగుతారు. గుండెపోటు వచ్చిన మనిషిని అర్ధరాత్రి గాజువాక నుంచి మహారాణిపేట దాకా తీసుకువెళ్లడం ఎంపిక ఎలా అవుతుందో వారే చెప్పాలి. ఒకరి నిస్సహాయతను వాడుకుని పొందిన సమ్మతి కాంట్రాక్టు చట్టం 16వ సెక్షను కింద అనుచిత ప్రభావమే అవుతుందని, దానిని రద్దుచేయాలని మీరు వాదించవచ్చు. ఆ వాదనకు బలమిచ్చేది ఈసీజీ కాగితం. దాని అంచున గంట, నిమిషం అచ్చయి ఉంటాయి. మీ సంతకం ఆ తరువాత కొద్ది నిమిషాలకే పడిందని తేలితే వేరే సాక్ష్యం పెద్దగా అక్కరలేదు. ఆ కాగితం మీద అచ్చు కొన్ని నెలలకే మాసిపోతుంది కాబట్టి ఈరోజే జిరాక్స్ తీయించండి. వేసిన స్టెంట్ ఏదో తెలిపే స్టిక్కరు కూడా ఫైలులో ఉందేమో చూడండి. 2017 నుంచి స్టెంట్లకు గరిష్ఠ ధర ఉంది, బిల్లులో అంతకు మించి వేసి ఉంటే అది వేరే తప్పు. కేస్ షీటు నకలు కోసం లిఖితపూర్వకంగా అడగండి, 72 గంటల్లో ఇవ్వాలి.

బిల్లు కోసం రోగిని ఆపివేయడం చట్టవిరుద్ధమని బొంబాయి, ఢిల్లీ హైకోర్టులు చెప్పాయి. భారతీయ న్యాయ సంహిత 127వ సెక్షను కింద అది అక్రమ నిర్బంధం కిందికి రావచ్చు. అయితే పోలీసు కేసు వల్ల మీ బంగారం విడిపించుకోవడం త్వరగా జరగదు. నా అభిప్రాయంలో ఆ అంశాన్ని వినియోగదారుల ఫిర్యాదులో మానసిక వేదన కింద చూపించడం మేలు.

ముందుగా వైద్యసేవ సహాయ నంబరు 104కు ఫోన్ చేసి ఫిర్యాదు సంఖ్య తీసుకోండి, ట్రస్టు జిల్లా కార్యాలయంలోనూ రాతపూర్వకంగా ఇవ్వండి. వసూలు చేసిన సొమ్మును తిరిగి ఇప్పించే అధికారం ట్రస్టుకు ఉంది. అక్కడ కదలిక లేకపోతే విశాఖ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. రోగి బదులు మరొకరు ఖర్చు భరించే చికిత్స కూడా వినియోగదారుల చట్టం ప్రకారం ‘సేవ’ కిందికి వస్తుందని 1995లో వి.పి.శాంత కేసులో సుప్రీంకోర్టు తేల్చింది, మీరైతే సొంత డబ్బే కట్టారు. రెండేళ్ల గడువు ఉంది. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపు గనుక ఫీజు లేదు. ఫిర్యాదును అమ్మగారి పేరుతోనే వేయండి. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో గానీ 15100 నంబరులో గానీ అడగండి. మీరు కట్టిన మొత్తం రూ.2.42 లక్షలతో పాటు తాకట్టు వడ్డీని కూడా కోరవచ్చు కనుక, బంగారం పెట్టిన చోట ఇచ్చిన రసీదు నకలును ఫిర్యాదుకు జతచేయడం మరచిపోకండి.