అంతర్వేది నుంచి కాకినాడ దాకా సముద్రం ఒడ్డునే బండి మీద వెళ్ళొచ్చా?

మీరు అడిగింది ఇదీ: నలుగురు స్నేహితులు, రెండు బైకులు, ఒక థార్. ఒమన్‌లో ఎడారి పక్కన సముద్రం ఒడ్డునే జీపులు పరుగెత్తే వీడియోలు చూశారు. అలాగే మన దగ్గర అంతర్వేది నుంచి కాకినాడ దాకా తారురోడ్డు ఎక్కకుండా వెళ్ళాలని ఉంది. దారి ముందుగా ఎలా చూసుకోవాలి?

ఒడ్డు వెంట ఏకబిగిన వెళ్ళలేరండి. ఆ మాట మొదటే చెప్పేస్తున్నాను. ముక్కలు ముక్కలుగా మాత్రం చక్కగా తిరగొచ్చు. నాది రాజోలు దగ్గర ఊరు. మా వైపు చాలామందిలాగే నేనూ గల్ఫ్ వెళ్ళి, ఒమన్‌లో ఒక సర్వే టీముకి డ్రైవర్‌గా పనిచేశాను. టీము బయల్దేరక ముందే వెళ్ళి బండి ఎక్కడిదాకా పోతుందో, ఎక్కడ ఆగిపోతుందో చూసి రావడం నా పని. తిరిగొచ్చాక మన తీరం కూడా అదే పద్ధతిలో తిరిగాను, ఇప్పటికీ తీరిక దొరికితే తిరుగుతాను.

ముందు ఆ ఒమన్ సంగతి చెప్తాను, ఎందుకంటే వీడియోల్లో కనిపించని భాగమే ముఖ్యం. దుక్మ్‌కి ఉత్తరాన అల్ ఖలూఫ్ అని జాలర్ల ఊరుంది. తెల్లటి ఇసుక దిబ్బలు నేరుగా సముద్రంలోకి దిగినట్టుంటాయి. పాటు వేళ, అంటే సముద్రం నీరు వెనక్కి తగ్గినప్పుడు, తడి ఇసుక గట్టిపడి బండి సాఫీగా పోతుంది. పోటు వచ్చిందంటే ఒక పక్క దిబ్బ, ఒక పక్క నీళ్ళు, తప్పుకోవడానికి చోటుండదు. అందుకే ఎంత దూరం వెళ్ళినా, లోపలికి తప్పుకునే దారి ఎక్కడుందో ముందే గుర్తు పెట్టుకుని వెళ్ళేవాళ్ళం.

దానికి కాస్త పైన బర్ అల్ హిక్మాన్ ద్వీపకల్పం ఉంది. అక్కడ మైళ్ళకొద్దీ సబ్ఖా, అంటే పైన ఉప్పు పెచ్చు కట్టి ఎండిపోయినట్టు కనిపించే నేల. కింద అంతా బురదే. మాకు దారి చూపిన బదూ (ఎడారి సంచార తెగ) పెద్దాయన నేల రంగు మారిన ప్రతిచోటా బండి ఆపించేవాడు. దిగి, నాలుగడుగులు ముందుకి వెళ్ళి, మడమతో బలంగా తొక్కేవాడు. పెచ్చు చప్పుడు చేసి నిలబడితే ఇంకో నాలుగడుగులు. పగిలి నల్లటి తడి ఊరితే మాట్లాడకుండా వెనక్కి వచ్చేసేవాడు, ఇక ఆ వైపు ఎవరెంత చెప్పినా వినేవాడు కాదు. ఆయన దగ్గర నేర్చుకున్న ఇంకో సంగతి కూడా ఉంది. ఇసుక దిబ్బల్లో ముందు బండి జాడలోనే వెనక బండి రావాలి. సబ్ఖాలో మాత్రం ఆ జాడ తొక్కకూడదు. మొదటి బండి బరువుకి పెచ్చు సగం చచ్చిపోయి ఉంటుంది, రెండోది దిగబడుతుంది.

మన పర్ర భూములూ, అంటే తీరం పక్కన ఉప్పు నేలలూ ఇంతే. మార్చి, ఏప్రిల్లో తెల్లగా ఎండి, క్రికెట్ ఆడుకోవచ్చు అన్నట్టుంటాయి. బాగా ఎండినచోట పెచ్చు అంచులు పైకి లేచి ఉంటాయి, అక్కడ బైకు పోతుంది. ఇలకూర అనే ఉప్పునేల మొక్క మొలిచి ఎర్రబారి ఉన్న పల్లాలు, మడ మొక్కల వేళ్ళు నేలలోంచి పుల్లల్లా పైకి పొడుచుకొచ్చిన చోట్లు అసలు వద్దు. అక్కడికి పోటు నీరు వస్తుంది కాబట్టే అవి బతుకుతున్నాయి. ఊళ్ళో వాళ్ళ ట్రాక్టరు జాడ కనిపిస్తే సంబరపడిపోకండి. అది ఏ నెలలో పడిందో అడగండి.

ఎడారి తీరంలో లేని చిక్కు మనకు గోదావరితో వస్తుంది. ధవళేశ్వరం దిగువన నది గౌతమి, వశిష్ఠలుగా చీలుతుంది. వశిష్ఠలోంచి వైనతేయ విడిపోతుంది. వశిష్ఠ అంతర్వేది దగ్గర, వైనతేయ ఓడలరేవు దగ్గర సముద్రంలో కలుస్తాయి. గౌతమి యానాం దాటాక పాయలుగా విడిపోయి మడ అడవుల మధ్య నుంచి వెళ్తుంది. వీటి మధ్య పొలాల మురుగు తీసుకెళ్ళే డ్రెయిన్లు చాలా ఉన్నాయి. ప్రతి డ్రెయిన్‌కీ సముద్రం దగ్గర ఒక మొగ, అంటే నీరు సముద్రంలో కలిసే నోరు, ఉంటుంది.

మొగలు కదులుతాయి, అసలు తంటా అదే. అలలు ఇసుక తెచ్చి పోసి మొగని పూడ్చేస్తాయి. వానాకాలంలో మురుగు దిగక చేలు మునిగితే రైతులు గోల పెడతారు, పొక్లెయిన్ తెచ్చి ఇంకోచోట తెగ్గొడతారు. 2011లో కోనసీమ రైతులు సాగు మానేసి క్రాప్ హాలిడే ప్రకటించారు గుర్తుందా? ముంపు, డ్రెయిన్లు బాగుచేయకపోవడం కూడా వాళ్ళ బాధల్లో ఒకటి. కాబట్టి పోయిన ఏడాది మీ స్నేహితుడు నడిచి వెళ్ళిన ఇసుక మీద ఈ ఏడాది నిలువెత్తు నీళ్ళుండొచ్చు. గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ళ ఫొటోలు ఒకదాని తర్వాత ఒకటి పెట్టి చూడండి. మొగ ఎటు జరుగుతోందో, ఒడ్డు ఎంత కోసుకుపోయిందో తెలుస్తుంది. కానీ ఆ ఫొటో ఏ తేదీదో చూడకుండా దాని మీద దారి గీయకండి.

ఫొటోలయ్యాక కాలినడక. మొగ దగ్గరికి బండి తీసుకెళ్ళకుండా, పాటుకి నీరు బాగా తగ్గడానికి అరగంట ముందు చేరండి. చేతిలో ఒక వెదురు గెడ ఉండాలి. నీళ్ళలోకి దిగకుండా అంచునే గుచ్చి చూడండి. ఇసుకైతే గెడ కరకరమని ఆగుతుంది, అడుసైతే చప్పుడు లేకుండా దిగిపోతుంది, లాగితే పట్టేస్తుంది. నీటి అంచున ఒక పుల్ల గుచ్చి కాసేపు కూర్చోండి. నీరు ఆ పుల్లని దాటి ఎంత వేగంగా పైకి వస్తోందో కళ్ళారా చూస్తే, వెనక్కి రావడానికి మీకెంత వ్యవధి ఉందో అర్థమవుతుంది. బండితో మాత్రం ఏ మొగనీ దాటొద్దు, మోకాల్లోతే ఉన్నా సరే. ఇంజనుకి ఏమవుతుందన్నది తర్వాతి మాట. బయటికి లాగే నీటి ఊపులో కాళ్ళ కింద ఇసుక జారిపోతుంది, మనిషే నిలబడలేడు.

పోటు లెక్క కష్టమేమీ కాదు. ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య సుమారు పన్నెండున్నర గంటలు. రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్య, పౌర్ణమి తర్వాత ఒకటి రెండు రోజులు నీరు బాగా ఎక్కుతుంది, బాగా దిగుతుంది. అష్టమి అటూ ఇటూ తేడా తక్కువ. కాకినాడ పోర్టు టైడ్ టేబుల్ చూసుకోండి. మొగ లోపలికి, డ్రెయిన్ పైకి వెళ్ళేకొద్దీ పోటు ఆలస్యంగా అందుతుంది. ఒడ్డున నీరు తగ్గుముఖం పట్టినా లోపల ఇంకా ఎక్కుతూ ఉండొచ్చు.

ఇక దారి. అంతర్వేదిలో గుడి, లైట్‌హౌస్ చూసుకుని అన్నాచెల్లెళ్ళ గట్టు దాకా నడవండి. నదీ సముద్రమూ కలిసేచోట నీటి రంగులు రెండుగా విడిగా కనిపిస్తాయి. భీష్మ ఏకాదశి కల్యాణం రోజుల్లో ఆ వైపు రాకండి, జనంతో కిటకిటలాడుతుంది. అక్కడి నుంచి కేశవదాసుపాలెం, శంకరగుప్తం, కేశనపల్లి, తూర్పుపాలెం, చింతలమోరి మీదుగా ఊళ్ళ రోడ్లున్నాయి. ఒడ్డుకి కాస్త వెనగ్గా పోతూ, అక్కడక్కడ సముద్రం వైపు ఒక పాయ వేస్తాయి. శంకరగుప్తం డ్రెయిన్‌లోకి ఉప్పునీరు ఎగదన్ని చచ్చిపోయిన కొబ్బరి తోటలు మీకు దారిలో కనిపిస్తాయి. తలలు లేని చెట్లు వరసగా నిలబడి ఉంటాయి. ఫొటో కోసం ఆ తోటల్లోకి దూరకండి. వాటి మీదే బతికిన కుటుంబాలున్నాయక్కడ. పలకరిస్తే వాళ్ళే అంతా చెప్తారు.

కరవాక దగ్గర వైనతేయ అడ్డం వస్తుంది. ఎదురుగా ఓడలరేవు కనిపిస్తూనే ఉంటుంది, థార్‌కి మాత్రం దారి లేదు. వెనక్కి హైవే ఎక్కి బోడసకుర్రు వంతెన దాటి, అల్లవరం మీదుగా కిందికి రావాల్సిందే. దీన్ని విసుగు అనుకోకండి, కొబ్బరి తోటల మధ్య మంచి దారి. ఓడలరేవులో గ్యాస్ టెర్మినల్ ఉంది, ఆ చుట్టుపక్కల డ్రోన్ ఎగరేయొద్దు. తర్వాత కొమరగిరిపట్నం, ఎస్.యానాం, వాసాలతిప్ప. ఈ ముక్కలో సముద్రానికి దగ్గరగా ఉండే సరుగుడు తోటల బాటలు బైకులకి బాగుంటాయి. మధ్యలో కూనవరం డ్రెయిన్ దగ్గర మళ్ళీ చుట్టు తిరగాలి. ఆపైన చిర్రయానాం, పల్లం. పల్లంతో బండి ప్రయాణం అయిపోయినట్టే. ముందున్నవి బలుసుతిప్ప, మగసానితిప్ప, మడ అడవులు, పాయలు. పడవ మాట్లాడుకుని వెళ్ళి రండి, లేదా ముమ్మిడివరం వచ్చి హైవే మీద ఎదుర్లంక వంతెన దాటి యానాం చేరండి. ఆపైన కోరింగ అభయారణ్యం. మడల మధ్య చెక్క వంతెన మీద నడవొచ్చు, బండ్లకి ప్రవేశం లేదు.

చెరువు గట్ల గురించి ఒక మాట. మ్యాప్‌లో దారుల్లా కనిపించేవాటిలో సగం రొయ్యల చెరువుల గట్లే. అవి సొంత ఆస్తులు. పైగా తెల్లమచ్చ తెగులు ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకి తడి చక్రాలతో, బురద కాళ్ళతో కూడా పాకుతుందని రైతుల భయం, ఆ భయం నిజమే. లక్షలు పోసిన పంట అది. కాపలా మనిషిని పిలిచి అడగండి, వద్దంటే తిరిగి వెళ్ళిపోండి. చెరువు నీటిలో గాలి కలిపే ఏరేటర్ల కరెంటు వైర్లు గట్టు మీదే పరిచి ఉంటాయి, పక్షులు దిగకుండా దారాలు కట్టి ఉంటాయి. చీకట్లో ఆ గట్ల మీద బైకు నడపడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. ఒక్క వాన పడిందంటే పగలైనా కుదరదు. బంకమట్టి మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య దట్టించుకుపోయి చక్రం తిరగడమే మానేస్తుంది, పుల్లతో గీకి తీయాలి.

ఎప్పుడు రావాలి? జులై నుంచి సెప్టెంబరు దాకా గోదావరి వరద, అక్టోబరు, నవంబరు తుఫాన్లు. 1996 నవంబరు 6 తుఫాను గురించి ఈ తీరంలో ఏ పెద్దవాళ్ళని అడిగినా చెప్తారు, ఇళ్ళకి ఇళ్ళే పోయాయి. నేల ఆరి ఉండేది జనవరి నుంచి మే దాకా. అయితే ఆ కాలంలోనే ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకి వస్తాయి, సుమారుగా జనవరి నుంచి ఏప్రిల్ వరకు. ఒక్కో గూట్లో వంద దాకా గుడ్లు, పిల్లలు బయటికి రావడానికి 45 నుంచి 60 రోజులు. రాత్రి తల్లి వచ్చి వెళ్ళిన జాడ పొద్దున్నే చూస్తే, నీళ్ళ దగ్గర్నుంచి దిబ్బ దాకా చిన్న ట్రాక్టరు చక్రం పోయినట్టుంటుంది. గూడు పైకి కనిపించదు. మీద చక్రం ఎక్కితే గుడ్లు చితుకుతాయి. చక్రాల గాడిలో పడిన పిల్లలు ఎక్కలేక అందులోనే తిరిగి తిరిగి కాకుల పాలవుతాయి. వన్యప్రాణి చట్టంలో వీటికి మొదటి షెడ్యూలు రక్షణ ఉంది. బాలబండి తీగ, రావణాసురుడి మీసాల గడ్డి అల్లుకున్న దిబ్బలు ఏ కాలంలోనూ తొక్కకండి. ఇసుకని పట్టి ఉంచేవి అవే.

అందుకే నేను ఖరాఖండిగా చెప్పేది, బండి బాట మీదా ఊరి రోడ్డు మీదా ఉండాలి, ఒడ్డు మీద మీరు నడవాలి. ఒమన్‌లో కూడా రాస్ అల్ జింజ్ దగ్గర తాబేళ్ళు గుడ్లు పెట్టే ఒడ్డుని రక్షిత ప్రాంతంగా ఉంచారు, రాత్రి గైడు వెంట నడిచి వెళ్ళి చూడాల్సిందే. ఆ దేశంలో ఇసుకకి కొదవ లేదు, అయినా అక్కడ అంత జాగ్రత్తగా ఉన్నారు.

జాలర్లని కలుపుకోండి. పొద్దున్న వలలు లాగుతుంటే తాళ్ళు ఇసుక మీద అడ్డంగా ఉంటాయి, చేపలు ఆరబోసి ఉంటాయి, బండి దూరంగా ఆపి నడవండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి మరబోట్ల వాళ్ళు ఊళ్ళోనే ఉంటారు. ఒకరిని రోజు కూలీ ఇచ్చి వెంట తీసుకెళ్ళండి. మొగ సంగతి ఏ యాప్ కంటే వాళ్ళకే బాగా తెలుసు, వేట లేని రోజుల్లో ఆ డబ్బు వాళ్ళకీ పనికొస్తుంది.

బండి సంగతి క్లుప్తంగా. వదులు ఇసుక బాటలో థార్ టైర్లలో గాలి 18 పీఎస్ఐకి దించితే చాలు, తారురోడ్డు ఎక్కేముందు మళ్ళీ నింపాలి, చిన్న కంప్రెసర్ తెచ్చుకోండి. బైకుకి ట్యూబు టైర్లైతే మరీ దించొద్దు, టైరు జారి వాల్వు తెగుతుంది. లాగే బెల్టు, రెండు చెక్క పలకలు, పార. సాయంత్రానికి మంచినీళ్ళతో బండి అడుగంతా కడిగించండి, ముఖ్యంగా చైను, బ్రేకులు. పెట్రోలు యానాంలో పోయించుకుంటే కాస్త కలిసొస్తుంది.

మీరు ఏ నెల అనుకుంటున్నారో రాయలేదు. నన్నడిగితే మే మొదటి రెండు వారాలు, పౌర్ణమి, అమావాస్యలకి దూరంగా, వాతావరణశాఖ కబురు చూసుకుని. ఎండ దంచేస్తుంది, పొద్దున్న తొమ్మిదిలోపు, సాయంత్రం నాలుగు తర్వాత తిరిగేలా పెట్టుకోండి. తేదీలు ఖాయమయ్యాక ఇక్కడే చెప్పండి. ఆ వారం కూనవరం, శంకరగుప్తం మొగలు ఎలా ఉన్నాయో వెళ్ళి చూసి రాస్తాను.