నులిపురుగులకు ఊరి నుంచి తెచ్చిన మాత్ర వేయొచ్చా?

కావలి నుంచి ఈమధ్యే టెక్సాస్ వచ్చిన ఒక చెల్లెలి సందేహం: "అన్నా, పాపకు రాత్రయితే కింద ఒకటే దురద, నిద్రపోదు. నులిపురుగులే అంటోంది అమ్మ. తను నెల్లూరు నుంచి తెచ్చిన ఆల్బెండజోల్ వేసేయమంటోంది. వేయనా?"

ఒక్క రోజు ఆగమ్మా. అమ్మ తెచ్చిన మందు మంచిదే. మన దగ్గర ఫిబ్రవరి, ఆగస్టు నెలల్లో బళ్ళలో, అంగన్‌వాడీల్లో పిల్లలందరికీ మింగించేది ఆ మాత్రే. కానీ ఇక్కడ దాన్ని డాక్టర్ రాస్తేనే ఇస్తారు. పాప వయసు, బరువు, వేరే మందులు వాడుతోందా అన్నవి చూసి చెప్పే మనిషి ఉన్నప్పుడు పెట్టెలోని మాత్రతో సొంత వైద్యం ఎందుకు?

ముందు పురుగులు ఉన్నాయో లేదో చూడు. పాప నిద్రపోయిన రెండు మూడు గంటలకు టార్చి వేసి చూస్తే మలద్వారం దగ్గర సన్నటి తెల్ల దారాల్లా కదులుతుంటాయి. ఆడపురుగు గుడ్లు పెట్టడానికి బయటికి వచ్చే వేళ అది, దురదంతా అందుకే. కనబడకపోతే పొద్దున్నే, బాత్రూమ్‌కు వెళ్ళకముందే, పారదర్శకమైన టేపు అక్కడ అంటించి తీసి డాక్టర్‌కు ఇవ్వు. వరుసగా మూడు రోజులు చేస్తే మేలు.

డాక్టర్ ఆల్బెండజోల్ గానీ, నమిలే మెబెండజోల్ గానీ రాస్తారు. మెబెండజోల్ బ్రాండు మాత్ర ఖరీదు చూస్తే గుండె ఆగుతుంది, కాబట్టి ఇన్సూరెన్స్ ఎంత ఇస్తుందో ముందే కనుక్కో. పైరాంటెల్ అనే ద్రవం మందుకు చీటీ అక్కర్లేదు, ఏ ఫార్మసీలోనైనా దొరుకుతుంది. బరువును బట్టి డోసు ఉంటుంది. రెండేళ్ళ లోపు పిల్లలకు, గర్భిణులకు మాత్రం డాక్టర్‌ను అడగనిదే ఏదీ వద్దు.

అందరూ మరిచిపోయేది రెండో డోసు. ఈ మందులు పురుగును చంపుతాయి గానీ గుడ్లను చంపవు. ఆ గుడ్లు దుప్పట్ల మీద, గోళ్ళ కింద రెండు మూడు వారాలు బతికే ఉంటాయి. అందుకే రెండు వారాలకు మళ్ళీ వేయాలి. దురద తగ్గింది కదా అని మానేస్తే మళ్ళీ మొదటికొస్తుంది. పాపతో పాటు ఇంట్లో అందరూ ఒకే రోజు వేసుకోవడం మంచిది, కనుక మీ ఇద్దరి గురించీ, అమ్మ గురించీ కూడా డాక్టర్‌ను అడుగు. మందు వేసిన మర్నాడు పొద్దున్నే పాపకు స్నానం చేయించి, దుప్పట్లు, లోదుస్తులు దులపకుండా తీసి వేడినీళ్ళలో ఉతుకు. గోళ్ళు కత్తిరించు.

డాక్టర్ ఆఫీసుకు ఫోన్ చేసి సిగ్గుపడకుండా 'పిన్‌వార్మ్స్' అని చెప్పు. ఇక్కడి పిల్లలకూ ఇది మామూలే. మందు పడ్డాక బడి మాన్పించాల్సిన పని కూడా లేదు.